పరుగు మధ్యలో నోటీసు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా కాలేజీ పిల్లలు చెప్పుకుంటారు. నిజమే. అయితే ఈ వ్యవహారంలో నేను కోప్పడిన ప్రతిసారీ న్యాయంగానే కోప్పడ్డానని ముందే మనవి చేసుకుంటున్నాను.

పగలు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. సాయంత్రం మున్సిపల్ గ్రౌండులో గంగాభవానికి పరుగు నేర్పుతాను. ఆమెకు ఇరవై మూడేళ్ళు. మేధో వైకల్యం ఉందని డాక్టర్లు రాసిచ్చారు. నాలుగు మాటలు ఒకేసారి చెబితే తికమక పడుతుంది. ఒక్కొక్కటిగా చెబితే జన్మలో మరిచిపోదు. మా స్టాఫ్ రూములో ఈ రెండో గుణం ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. పోయిన ఏడు రాష్ట్ర పోటీల్లో రెండు వందల మీటర్ల పరుగులో మూడోదిగా వచ్చింది. ఈసారి మొదటిది కావాలని పంతం. రాబోయే పతకం కోసం ఇంట్లో గోడకి మేకు కూడా కొట్టించుకుంది. ఆ మేకుకి వాళ్ళమ్మ వీరమణి కూరగాయల సంచీ తగిలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది.

ఇలా సాగిపోతుండగా మా జిల్లాకి మండలి వచ్చింది.

దాని పూర్తి పేరు విభిన్న ప్రజ్ఞా క్రీడాకారుల స్వచ్ఛంద శిక్షకుల శిక్షణా ధ్రువీకరణ మండలి. ఎక్కడో ఒక సదస్సులో పెద్దలెవరో విదేశీ కోచ్‌ల మెడల్లో కార్డులు చూసి ముచ్చటపడ్డారట. మన కోచ్‌ల మెడలు బోసిగా ఉన్నాయని దిగులుపడ్డారట. ఆ దిగులులోంచి పుట్టిందే మండలి. చైర్మన్‌గా త్రివిక్రమరావు గారిని వేశారు. ఆయన అంతకుముందు పీచు, చాపల సంస్థకి చైర్మన్‌గా చేసి, దాన్ని మూసేసే రోజు దాకా ఎంతో క్రమశిక్షణతో నడిపించారు. మనిషి మంచివారు. లంచం ముట్టరు. నిబంధన అన్న మాట పలికేటప్పుడు మాత్రం ఆయన గొంతు భక్తితో గద్గదమవుతుంది.

మొదటి ఉత్తర్వు ఇది: ధ్రువీకరణ పొందని శిక్షకుడు క్రీడాకారుని సమీపించుట నిషేధం. రెండోది: ధ్రువీకృత శిక్షకుడు లేని క్రీడాకారునికి రాష్ట్ర పోటీల్లో ప్రవేశం లేదు. అప్పటికి రాష్ట్రం మొత్తం మీద ధ్రువీకృత శిక్షకుడన్నవాడే లేడు. ఆ సంగతి నేను అడిగితే, అందుకే కదా మండలి స్థాపించాల్సి వచ్చిందని త్రివిక్రమరావు గారు జాలిగా నవ్వారు.

మర్నాటి నుంచి గ్రౌండు చుట్టూ పసుపు తాడు కట్టారు. గంగాభవాని లోపల, నేను బయట. తాడు ఇవతల నుంచే కేకలేసి నేర్పుదామనుకున్నాను. సాయంత్రానికల్లా ఇంకో ఉత్తర్వు దిగింది. స్వరము ద్వారా సమీపించుట కూడా సమీపించుటయే అని అందులో ఉంది. దాంతో నోరు మూసుకుని నిలబడ్డాను. పాపం ఆ పిల్ల ఒక చుట్టు పరిగెత్తడం, తాడు దగ్గరికి వచ్చి నా ముఖం చూడడం, మళ్ళీ వెళ్ళడం. చివరికి ఉండబట్టలేక అడిగింది.

“మాస్టారండీ, నా మీద కోపమొచ్చిందాండీ?”

నాకు ఏడుపొచ్చింది. కన్నీళ్ళు పెట్టుకోవడం కూడా సమీపించడం కిందికి వస్తుందేమోనని అటు తిరిగి నిలబడ్డాను.

ఇక లాభం లేదని శిక్షణకి పేరిచ్చాను. నాతోపాటు ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టారు, ఒక సేవా క్లబ్బు అధ్యక్షుడు, ఇంకా పదిమంది దాకా చేరారు. మొదటి రోజు ఉదయమంతా క్రీడాకారులని ఏమని పిలవాలన్న చర్చతో గడిచింది. విశిష్ట అన్నారు, విలక్షణ అన్నారు, దివ్య అన్నారు. గంగాభవానిని గంగాభవాని అని పిలిస్తే పలుకుతుందని నేను మనవి చేశాను. అది అశాస్త్రీయమని కొట్టేశారు. మధ్యాహ్నం ‘స్పందన లేమి: కారణాలు, నివారణోపాయాలు’ అన్న అంశం మీద త్రివిక్రమరావు గారు మాట్లాడుతుంటే సగంమంది స్పందన లేకుండా గురకపెట్టారు.

అసలు చిక్కు ప్రాక్టికల్స్ దగ్గర వచ్చింది. ధ్రువపత్రం రావాలంటే క్రీడాకారులకి నేర్పి చూపించాలి. క్రీడాకారుల దగ్గరికి వెళ్ళాలంటే ధ్రువపత్రం ఉండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత ఈ మండలి పుడుతుందని తెలిసే మన పెద్దలు ముందుగా అనుకుని ఉంటారు. త్రివిక్రమరావు గారు ఒక రాత్రి ఆలోచించి దీనికి మార్గం కనిపెట్టారు. మండలి సిబ్బందే నమూనా క్రీడాకారులుగా నిలబడతారు.

సూపరింటెండెంటు పేర్రాజు గారు, ఇద్దరు గుమాస్తాలు, డ్రైవరు నిక్కర్లు వేసుకుని వరసగా నిలబడ్డారు. యాభై ఆరేళ్ళ పేర్రాజు గారి మోకాళ్ళు ఆఫీసులో చాలామంది మొదటిసారి చూశారు. అయితే మేధో వైకల్యం లేనివారిని క్రీడాకారులుగా చూపిస్తే రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని అకౌంట్సు వాళ్ళు లేవదీశారు. శిక్షణ కాలానికి మాత్రమే చెల్లే వైకల్య ధ్రువపత్రాలు తెచ్చుకోవాలని నలుగురినీ పెద్దాసుపత్రికి పంపారు. తోడుగా నన్ను పంపారు. అక్కడ మనస్తత్వ నిపుణురాలు ఒక పెద్దావిడ. ఓపిగ్గా నలుగురికీ పరీక్షలు చేసింది. తర్వాత వాళ్ళు తెచ్చిన ఉత్తర్వు చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

“వీళ్ళకి మేధో వైకల్యం లేదండీ. దానికి నా దగ్గర పరీక్ష ఉంది. వీళ్ళకున్నదేదో, దానికి మాత్రం నా దగ్గర పరీక్ష లేదు” అంది.

ఈ వాక్యాన్నే కాగితం మీద రాయించుకొచ్చి ఫైల్లో పెట్టారు. వైద్యాధికారి అభిప్రాయం జతపరచడమైనది అని పైన పేర్రాజు గారే రాశారు. అకౌంట్సు వాళ్ళు తృప్తిపడ్డారు.

మూడు రోజుల ప్రాక్టికల్స్ కోసం మున్సిపల్ గ్రౌండుని మండలి తీసేసుకుంది. పరిగెత్తడానికి చోటు లేక గంగాభవాని రోజూ వచ్చి మా వెనకాల కుర్చీలో కూర్చునేది. శిక్షకుడు క్రీడాకారుని సమీపించకూడదు గాని, క్రీడాకారుడు శిక్షకుని సమీపించకూడదని ఎక్కడా లేదు. కాబట్టి ఆమె నా పక్కన కూర్చుంటే తప్పు లేదు, నేను ఆమె వైపు ఒరిగితే తప్పు. నేను మూడు రోజులూ రెండో వైపుకే ఒరిగి కూర్చుని మెడ పట్టేయించుకున్నాను. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచేవారు. పొట్లం కావాలంటే హాజరు పట్టీలో సంతకం పెట్టాలి, అది మండలి పద్ధతి. గంగాభవానికి పులిహోర ఇష్టం. మూడు రోజులూ అక్షరాలు దిద్దినట్టు సంతకం పెట్టి తింది. పొట్లాల లెక్కా, అభ్యర్థుల లెక్కా రెండు వేరని ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడంలో వింత లేదు. ఇలాంటి శిక్షణలు ఎన్ని జరిగినా ఎవరు నేర్చుకున్నారో ఎవరికీ తెలియదు, ఎవరు తిన్నారో మాత్రం పక్కాగా తెలుస్తుంది.

చివరి రోజు పరీక్ష. పరీక్షాధికారులు రాజధాని నుంచి వచ్చారు. నమూనా క్రీడాకారుణ్ణి ఈ చివర నుంచి ఆ చివరకి, గీత దాటకుండా పరిగెత్తించాలి. అందరి వంతుకీ పేర్రాజు గారే వచ్చారు. ఆయన గీత మీద నిలబడ్డారు. అంతే, ఇక కదల్లేదు.

డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదాడు. క్లబ్బు అధ్యక్షుడు ప్రోత్సాహకర ప్రసంగం చేశాడు. నా వంతు వచ్చినప్పుడు నేను మర్యాదగా మొదలుపెట్టి, బతిమాలి, ఆఖరికి జడత్వం గురించి చెబుతూ చెబుతూ కోపం పట్టలేక, మీకంటే ఆ గోల్ పోస్టు నయమని అన్నాను. ముగ్గురు పరీక్షాధికారులూ ఒకేసారి తలలు వంచుకుని సున్నాలు వేశారు.

ఎవరూ ఉత్తీర్ణులు కాలేదని తేలాక, హాజరు పట్టీలో మిగిలిన ఆఖరి పేరు పిలిచారు. గంగాభవాని పేరు. పిలిచారు కాబట్టి ఆమె లేచి వెళ్ళింది. నేను నోరు తెరిచేలోపల పేర్రాజు గారి ముందు నిలబడి ముఖంలోకి చూసింది.

“ఏవండీ, కాలు నెప్పేత్తందాండీ?”

పేర్రాజు గారి కళ్ళు చెమర్చాయి. మూడు రోజుల్లో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. మండలి కొన్న బూట్లన్నీ ఒకే సైజువట, వేళ్ళు చితికిపోతున్నాయట. చెబితే నమూనా క్రీడాకారులు ఫిర్యాదు చేయరాదన్నారట. గంగాభవాని కింద కూర్చుని ఆయన బూట్లు విప్పింది. చెయ్యి పట్టుకుని గీతల మధ్యలో కాసేపు నడిపించింది. తర్వాత చెయ్యి వదిలి, పద అంది. పేర్రాజు గారు వట్టికాళ్ళతో ఆ చివరి దాకా పరిగెత్తి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి చూసి నవ్వారు. ఆయన నవ్వడం కూడా ఆఫీసులో చాలామందికి మొదటిసారే.

నూటికి తొంభై ఆరు మార్కులు వేసి పరీక్షాధికారులు బస్సెక్కారు. రాష్ట్రంలో ప్రప్రథమ ధ్రువీకృత శిక్షకురాలు మా జిల్లా నుంచే అని మర్నాడు పేపర్లలో వచ్చింది. త్రివిక్రమరావు గారు శాలువా కప్పారు, మెడలో కార్డు వేశారు. ఆ తర్వాతే ఎవరో ఆయన చెవిలో, ఆమె అభ్యర్థి కాదు, క్రీడాకారిణి అన్న అసలు సంగతి చెప్పారు. పరీక్ష నిబంధనల ప్రకారమే జరిగిందా అని మాత్రం ఆయన అడిగారు. జరిగిందన్నారు. అయితే ఆమె శిక్షకురాలే అని తేల్చేశారు. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క నిమిషం నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

అది రెండో నిమిషానికి పోయింది. శిక్షకులు పోటీల్లో పాల్గొనరాదు అని ఇంకో నిబంధన ఉంది. గంగాభవాని ఇప్పుడు ఉన్నత స్థాయికి ఎదిగినందున, ఇకపై పరుగెత్తే అవసరం ఆమెకు లేదని ఆయన సంతోషంగా ప్రకటించారు.

సాయంత్రం వీరమణి కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. ముఖాన కళ లేదు.

“మాస్టారండీ, మా పిల్లకి పెమోషనొచ్చిందని ఈధంతా సొబాసంటన్నారండీ. ఇదేమో అన్నం తినట్లేదు. పెమోషనంటే కాళ్ళు కట్టేయడమాండీ?”

గంగాభవాని మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టింది. “ఇది వాళ్ళకిచ్చేయండి. నేను పరిగెట్టాలి” అంది. కార్డుని నా వైపు వేలితో నెట్టింది.

నేను ఆ రాత్రి మండలి నిబంధనల పుస్తకం ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివాను. ఇరవై ఏళ్ళుగా పరీక్షలు పెట్టి బతుకుతున్నవాణ్ణి, పుస్తకానికి భయపడితే ఎలా? పొద్దున్నే త్రివిక్రమరావు గారి దగ్గర కూర్చున్నాను. రాజీనామా కుదరదన్నారు. ఒకరంటూ ఉత్తీర్ణులవుతారని ఊహించలేదు కనుక రాజీనామాకి నిబంధన రాసుకోలేదట. సరే, శిక్షకుడు పోటీలో పరిగెత్తితే ధ్రువపత్రం రద్దు అని ఉంది కదా, ఆమె చేత పరిగెత్తించి రద్దు చేయండి అన్నాను. ఆయన ముఖం వెలిగింది. పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదువుతూ తలాడించారు. ఇంతలో ఆ ముఖం మళ్ళీ చీకటైంది.

“పరుగు మొదలెట్టకముందు నోటీసు ఇవ్వడానికి వీల్లేదు మాస్టారూ, అప్పటికి ఉల్లంఘన జరగలేదు. పరుగు పూర్తయ్యాక ఇస్తే, పరిగెత్తింది శిక్షకురాలు అవుతుంది, ఫలితం చెల్లదు. నోటీసు పరుగు మధ్యలో అందాలి. సంబంధిత అధికారి స్వహస్తాలతో అందజేయాలి” అన్నారు.

సంబంధిత అధికారి ఎవరని అడగబోయి ఊరుకున్నాను. ఆయన చూపు అప్పటికే తన బొజ్జ మీద ఆగి ఉంది.

ఇంకో అడ్డంకి మిగిలింది. ధ్రువపత్రం రద్దయిన క్షణం నుంచి ఆమె క్రీడాకారిణి, క్రీడాకారిణికి ధ్రువీకృత శిక్షకుడు ఉండాలి. అదృష్టవశాత్తూ ధ్రువీకృత శిక్షకులు తమంత తాముగా పరీక్షించి మరొకరిని ధ్రువీకరించవచ్చని పుస్తకంలో ఉంది. ఆ విధంగా గంగాభవాని నాకు పరీక్ష పెట్టింది. రాతపరీక్ష లేదు, మౌఖికం లేదు. గ్రౌండు చుట్టూ పరిగెత్తమంది. పరిగెత్తాను. “వెనక్కి చూశారు, మళ్ళీ” అంది. మళ్ళీ పరిగెత్తాను. “మాట్లాడుతున్నారు, మళ్ళీ” అంది. ఎదురు చెబుదామంటే ఊపిరి లేదు. మూడోసారి కిక్కురుమనకుండా పూర్తిచేసి గడ్డిలో పడ్డాను. మా కాలేజీ పిల్లలకి నేను ఏనాడూ మూడో అవకాశం ఇచ్చినవాణ్ణి కాను. ఆమె నా కాగితం మీద నిదానంగా సంతకం పెట్టి, బాగా చేశారు మాస్టారండీ అంది. ఎమ్మెస్సీ పాసైనప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

మిగతా జిల్లాల కోచ్‌లు కూడా ఈలోపల వచ్చి, ఆమె ముందు పరిగెత్తి కాగితాలు రాయించుకుపోయారు. రాష్ట్ర పోటీల రోజు వచ్చింది. పక్క జిల్లా స్టేడియం. జనం బాగానే వచ్చారు. వీరమణి ముందు వరసలో కూర్చుంది. గంగాభవాని నాలుగో గీతలో నిలబడింది. త్రివిక్రమరావు గారు కొత్త ట్రాక్ సూటు వేసుకుని, చేతిలో నోటీసు పట్టుకుని మలుపు దగ్గర నిలబడ్డారు. చేతిలో నోటీసు పెట్టేస్తారు, ఆమె పట్టుకుని పోతుంది, అదీ పథకం. నోటీసు విషయం గంగాభవానికి చెప్పి కంగారు పెట్టొద్దన్నది నా నిర్ణయం. అది ఎంత తెలివితక్కువ నిర్ణయమో తుపాకీ పేలిన మరుక్షణం అర్థమైంది.

మలుపులో ఆయన చెయ్యి చాచారు. ఆమె చూడనైనా చూడలేదు. పరిగెత్తేటప్పుడు పక్కన ఎవరు చెయ్యూపినా చూడకూడదని నేనే కదా నేర్పింది. బాణంలా ఆయన్ని దాటి వెళ్ళిపోయింది. ముందు ఒక్క పిల్లే ఉంది. ఇంకో పది అంగల్లో ఆ పిల్లనీ దాటేసేలా ఉంది. ఎంత వేగంగా పరిగెత్తితే ఆమె అంత త్వరగా ఓడిపోతుంది. నెమ్మదిగా వెళ్ళు అని అరిస్తే ఆగుతుంది, నా మాట ఎప్పుడూ కాదనదు. నోరు తెరిచాను.

“పద గంగా, పద!” అని అరిచాను. ఏం చేయను, నేను కోచ్‌ని.

అప్పుడు త్రివిక్రమరావు గారు ట్రాకు వదిలి మైదానానికి అడ్డంగా పడ్డారు. ఆ మనిషి అలా పరిగెత్తగలడని ఆయన భార్య కూడా నమ్మి ఉండదు. లాంగ్ జంప్ ఇసుకలో దిగి లేచి, ఒక చెప్పు అక్కడే వదిలి, ఆమె కంటే ముందుగా నాలుగో గీతలోకి వచ్చిపడ్డారు. ఎదురుగా ఆమె వస్తోంది. గీత దాటదు, ఆగదు. ఢీకొట్టుకుంటారని జనం లేచి నిలబడ్డారు. ఆయన వెనక్కి తిరిగి, నోటీసు వెనక్కి చాచి, ఆమె ముందు పరుగు లంకించుకున్నారు. కాగితం ముఖం మీద రెపరెపలాడుతుంటే విసుగొచ్చి గంగాభవాని దాన్ని గుంజి పారేసింది. కాదు, పారేయలేదు, పిడికిట్లో పట్టుకుంది. ఆ గుంజుడుకి ఆయన తూలి, నాలుగడుగులు ముందుకు పడి, ముగింపు రిబ్బను తెంచుకుంటూ బోర్లాపడ్డారు. ముందున్న పిల్లని అప్పటికే దాటేసిన గంగాభవాని ఆయన మీదనుంచి దూకింది.

రిఫరీలు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. వీడియో తిప్పి తిప్పి చూశారు. నోటీసు రిబ్బనుకి ముందే అందింది, అందులో సందేహం లేదు. కాబట్టి పరిగెత్తింది క్రీడాకారిణే, ఆమెకు శిక్షకుణ్ణి నేను ఉన్నాను. చిక్కల్లా మొదటి స్థానం గురించి. నాలుగో గీతలోంచి మొదట రిబ్బను తెంచింది చైర్మన్ గారు. పుస్తకం తెచ్చి చూశారు. ధ్రువీకృత శిక్షకుడు లేని క్రీడాకారునికి ప్రవేశం లేదు. ఆ నిబంధన కింద త్రివిక్రమరావు గారిని అనర్హులుగా ప్రకటించాలి, ఆ ప్రకటన మీద చైర్మన్ సంతకం కావాలి. ఆయన మోచేతికి కట్టు కట్టించుకుంటూనే కాగితం అంతా చదివి, ఒక చోట కామా పెట్టి, సంతకం చేశారు. నిబంధన నిలబడిందని ఆయన గొంతు మళ్ళీ గద్గదమైంది.

బంగారు పతకం గంగాభవానిది. వీరమణి ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను, ఈసారి ఎటూ తిరగలేదు.

పతకం మెడలో వేసుకుని గంగాభవాని తిన్నగా నా దగ్గరికి వస్తుందనుకున్నాను. రాలేదు. గట్టు మీద ఒంటికాలి చెప్పుతో, ఒంటరిగా కూర్చున్న త్రివిక్రమరావు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని తీసేశారని మైకులో విన్నట్టుంది. తన నీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టి, పక్కన చతికిలబడింది.

“మీకు కోచ్ లేరాండీ?” అని అడిగింది.

ఆయన లేరన్నట్టు తలూపారు.

“అయితే సోమవారం సాయంత్రం గ్రౌండుకొచ్చెయ్యండి. మా మాస్టారు కొంచెం అరుత్తారు గానీ, నేర్పుతారు.”